మేస్టారికి తెలియని ఇల్లు

అక్టోబరు నెలలో ఒక మంగళవారం. శృంగవరపుకోటలో తన ఇంటి వరండాలో జ్ఞానానందం మేస్టారు నిలబడే ఇడ్లీలు తింటున్నారు. ఎడమచేతిలో ఫోను, ఫోనులో పదో తరగతి పిల్లల మార్కులు. భార్య లీలారాణి చట్నీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“ఏవండీ, ఓ పది నిమిషాలు కూకోండి. మీతో ఓ మాట సెప్పాల.”

“సాయంత్రం చెప్పు. ఈ రోజు మీటింగుంది.”

“సాయంత్రం మీరు తొమ్మిదైతే గాని రారు కదండీ.”

“అయితే ఆదివారం చూద్దాం లే.”

ఆదివారం ఆయనకు చర్చి కమిటీ పనులుంటాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె ఇంకో ఇడ్లీ వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

ఇందులో పోట్లాట లేదు. తిట్టు లేదు, కన్నీరు లేదు. ఇలాంటి ఉదయాలు మనందరి ఇళ్ళలో రోజూ తెల్లారుతూనే ఉంటాయి. అందుకే ఇందులో ఒక జబ్బు ఉందని మనకు తోచదు.

జ్ఞానానందం గారిని చెడ్డమనిషి అనుకోకండి. గజపతినగరం వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఆయన ప్రధానోపాధ్యాయుడు. తాగుడు లేదు, పేకాట లేదు. బడి వదిలాక కూడా వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టుకుని చీకటి పడేదాకా లెక్కలు చెప్పేవారు. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరికి కుల ధ్రువపత్రం కావలసి వచ్చినా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. దారిలో ఆయనకు దణ్ణం పెట్టని మనిషి లేడు. ఇంటికి కావలసినవన్నీ అమర్చాను, కూతురు షీబాకి మంచి సంబంధం చేశాను, ఇంకేం కావాలి అనుకునేవారు. పెళ్ళయిన ముప్ఫైమూడేళ్ళలో లీలారాణి కూడా ఇంకేదో కావాలని పట్టుబట్టి అడిగింది లేదు.

ఆ ఉదయం పదింటి వేళ పక్కింటి తాయారుకి గోడ అవతల కుక్కరు ఆగకుండా కూతలు పెట్టడం వినిపించింది. పిలిస్తే పలుకు లేదు. గోడ చుట్టూ తిరిగి వచ్చి చూస్తే వంటింట్లో లీలారాణి పక్కకి ఒరిగి పడి ఉంది. నోరు వంకరపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మాట లేదు.

తాయారు పొయ్యి ఆర్పి, లీలారాణి ఎప్పుడో చూపించినట్టు ఆమె ఫోనులో ఒకటో అంకె నొక్కిపట్టి మేస్టారికి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. వీధిలో ఆటో ఆపి, ఇద్దరు ఆడవాళ్ళ సాయంతో ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు చూసి, “పక్షవాతం అమ్మా, వెంటనే విజయనగరం తీసుకెళ్ళండి. ఇంట్లోవాళ్ళు ఎవరు?” అని అడిగాడు. తాయారు మళ్ళీ ఫోను చేసింది. షీబా నంబరు ఆమె దగ్గర లేదు; లీలారాణి ఫోనులో వెతుక్కోవడానికి ఆమెకు చదువు రాదు. మేస్టారు వచ్చేస్తారు, వచ్చేస్తారు అని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

మీటింగులో మేస్టారి ఫోను చప్పుడు కాకుండా పెట్టి ఉంది. పదకొండున్నరకి ఆయన తీసి చూశారు. ఏడు మిస్డ్ కాల్స్. భార్య నంబరుని ఆయన ‘ఇల్లు’ అని రాసుకున్నారు. ఇల్లు ఏడుసార్లు పిలిచింది. గ్యాసు బండ అయిపోయి ఉంటుంది అనుకుని ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

ఆయన తిరిగి ఫోను చేసింది ఒంటిగంటన్నరకి, భోజనం చేసి చెయ్యి కడుక్కున్నాక.

సంగతి విని ఆయన నేరుగా విజయనగరం పరుగెత్తారు; తాయారు లీలారాణిని అంబులెన్సులో అక్కడికి తీసుకొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు కాగితాలు చూసి, గడియారం చూశాడు. “మెదడులో నెత్తురు గడ్డ కరిగించే ఇంజక్షను, మనిషి పడిపోయిన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఈమె పదింటికి పడిపోయారు. ఇప్పుడు మూడు దాటింది,” అన్నాడు. తాయారు లీలారాణి ఫోను ఆయన చేతికిచ్చింది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని మేస్టారికి చాలా రోజుల తర్వాత కూడా అనిపించేది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. మాట పూర్తిగా పోయింది.

పన్నెండో రోజున, మాట తెప్పించే వైద్యం చేసే దుర్గాభవాని అనే అమ్మాయి ఒక నోటుపుస్తకం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో.

“మేడం లోపల మాటలు చచ్చిపోలేదు సార్. బయటికొచ్చే దారి మూసుకుపోయింది. ఆమెకి బాగా ఇష్టమైనవి, రోజూ అలవాటైనవి ముందు పట్టుకుని మెల్లగా దారి తియ్యాలి. నేను అడిగినవి చెప్పండి, రాసుకుంటాను. ఇంట్లో ఆమెని ఏమని పిలుస్తారు?”

మేస్టారు తడబడ్డారు. “ఏమే అని… ఏమోయ్ అని…”

“పేరు పెట్టి పిలవరా?”

“అలవాటు లేదమ్మా.”

“పోనీ, ఏ కూర ఇష్టం?”

“ఏది వండితే అది తింటుంది.”

“పాటలు?”

“చర్చిలో అన్నీ పాడుతుంది.”

“పొద్దున లేచాక మొట్టమొదట ఏం చేస్తారు?”

“నేను లేచేసరికే తను లేచి ఉంటుంది.”

దుర్గాభవాని కలం ఆగిపోయింది. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఇలాంటి భర్తల్ని ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది కాబోలు. మేస్టారు తల దించుకుని బయటికి వెళ్ళి షీబాకి ఫోను చేశారు. షీబా రాజమండ్రిలో ఉంటుంది. చంటిబిడ్డతో వచ్చి వారం రోజులుండి ముందురోజే తిరిగి వెళ్ళింది.

“షీబా, మీ అమ్మకి ఇష్టమైనవి ఏంటో కాస్త చెప్పమ్మా.”

“నాన్నా, అమ్మ గురించి మీరు నన్నడుగుతున్నారా?” అంది షీబా. వెంటనే ఫోను పెట్టేసింది.

ఆయన తిరిగి వచ్చేసరికి, జావ తెచ్చిన తాయారు మంచం పక్కన కూర్చుని ఉంది. దుర్గాభవాని ఆమెను అడుగుతోంది.

“ఏటమ్మా అలాగడుగుతావు, నాకు తెల్దా?” అంటోంది తాయారు. “మెత్తళ్ళ పులుసంటే పేణం. ఎండుసేప వాసన మేస్టారికి పడదని ఇంట్లో వండదు. మాయింటికొచ్చి తింటాది. పొద్దున్నే లెగిసి పెరట్లో కనకాంబరాల మొక్కలకాడ కాసేపు కూకుంటాది. తను పువ్వులు ఎట్టుకోదు గాని మాల కట్టి నాకిస్తాది. నాలుగ్గంటలకి పెరటిమెట్ల మీద మాయిద్దరికీ టీ. అప్పుడు పాత పాటలు పాడతాది. సిన్నప్పుడు బొబ్బిలి మిషను బళ్ళో నేర్చుకున్నాదంట. తేగలొచ్చే రోజుల్లో కాల్చిన తేగలు తెస్తాను. తేగ మజ్జినుండే తెల్లటి సందమామ కోసం మేం దెబ్బలాడుకుంటాం, సిన్నపిల్లల్లాగ.”

మంచం మీద లీలారాణి ముఖంలో బాగున్న వైపు పెదవి కదిలింది. “తా…” అంది. గాలి పీల్చుకుని మళ్ళీ, “తాయా…” అంది.

పన్నెండు రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. దుర్గాభవాని నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ జ్ఞానానందం గారికి మాత్రం తను పొరపాటున వేరేవాళ్ళ గదిలోకి వచ్చినట్టనిపించింది.

నవంబరు నుంచి ఆయన సెలవు పెట్టారు. ఇన్నేళ్ళలో వాడుకోని సెలవులు బోలెడున్నాయి. లీలారాణిని ఇంటికి తీసుకొచ్చారు. వంటింట్లో పోపుడబ్బా ఎక్కడుందో తెలియదు. ఏ గుడ్డతో ఏది తుడవాలో తెలియదు. పాలవాడు ఎప్పుడొస్తాడో, నీళ్ళు ఎంతసేపు వస్తాయో తెలియదు. వారం రోజులు గోడ మీంచి తాయారుని అడుగుతూనే ఉన్నారు.

“మేస్టారూ, మీరు ఈ ఇంట్లో ఎన్నాళ్ళబట్టి ఉంటన్నారు?” అంది తాయారు ఒకరోజు. ఎగతాళికే అంది. ఆయన లోపలికి వెళ్ళిపోబోతే ఆమే నొచ్చుకుని, “ఊరికే అన్నాను బాబూ,” అంది.

ఇంకో రోజు ఆయనే అడిగారు. “తాయారమ్మా, ఆ రోజు పొద్దున నాతో ఏదో చెప్పాలంది. నీతో ఏమైనా అందా?”

తాయారు ఆలోచించింది. “లేదు మేస్టారూ. ఏ పెద్ద మాటా అయ్యుండదు. ఏ మొక్క పూసిందనో, షీబమ్మ పిల్లకి పన్నొచ్చిందనో అయ్యుంటాది. ఆడోళ్ళు సెప్పుకునేవి అయ్యే కదా.”

పెద్ద మాట కాదన్నందుకే ఆయనకు ఎక్కువ బాధ కలిగింది. పెద్ద మాట అయితే ఎవరైనా ఆగి వింటారు. చిన్నమాట వినడానికి ఇంటి మనిషి తప్ప ఇంకెవరు ఆగుతారు?

డిసెంబరులో ఆయన మెత్తళ్ళ పులుసు వండారు. ఉప్పు ఎక్కువైంది, చింతపండు ముక్కలు ముక్కలుగా తేలింది, ఇల్లంతా ఎండుచేపల వాసన. ఎడమచేత్తో ఒక ముద్ద తీసుకుని లీలారాణి ఆయన ముఖంలోకి చూసింది. సగం ముఖంతో నవ్వింది. నవ్వీ నవ్వీ పొలమారి దగ్గింది. ఆయన వీపు నిమురుతూ తనూ నవ్వారు. అంత చిన్న సంగతికి అంత సంతోషం కలుగుతుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఆ వెంటనే, ఇలాంటివి ముప్ఫైమూడేళ్ళుగా ఇదే గదిలో రోజూ దొరికేవని, తను బస్సెక్కి వెళ్ళిపోయేవాడినని గుర్తొచ్చింది. లేచి పెరట్లోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడిపోయారు.

మార్చి నాటికి లీలారాణి చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతోంది. ఆరు మాటలు వచ్చాయి. తాయా, షీబా, నీళ్ళు, అన్నం, వద్దు, దేవా. దుర్గాభవాని వారానికొకసారి వచ్చి నేర్పుతోంది. ఇంకా మాటలు రావచ్చు, రాకపోవచ్చు అని ఆ పిల్ల దాచకుండా చెప్పింది. ఆ ఆరింటిలో భర్తను పిలిచే మాట లేదు. ‘ఏవండీ’ అనడం ఎంత తేలికో! ఎన్ని వేలసార్లు అందో! అదే రావడం లేదు. ఆయన పక్కన కూర్చుని “లీలా” అని పిలిస్తే ఆమె తల తిప్పి చూస్తుంది. ఆ చూపులో కోపముందో, క్షమించడముందో ఆయన పోల్చుకోలేరు. ఆ చూపు చదవడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు.

మార్చి ముప్ఫై ఒకటిన ఆయన పదవీ విరమణ. బడి ఆవరణలో షామియానా వేశారు. ఊరి పెద్దలు, పాత విద్యార్థులు, పాస్టరు గారు వచ్చారు. శాలువాలు కప్పారు. సహోపాధ్యాయుడు తిరుమలరావు మైకు ముందు ఉద్వేగంగా మాట్లాడాడు. “ఇల్లూ వాకిలీ మర్చిపోయి బడికి అంకితమైన మహానుభావుడు! ఇలాంటివారు మళ్ళీ పుడతారా?” అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

జ్ఞానానందం గారు లేచారు. రాసుకొచ్చిన కాగితం మడిచి బల్ల మీద పెట్టారు.

“తిరుమలరావు మాస్టారు అన్నది నిజం. నేను ఇల్లు మర్చిపోయాను. దానికి మీరంతా చప్పట్లు కొడుతుంటే నాకు భయమేసింది. ఇక్కడ కూర్చున్న కుర్ర మాస్టర్లు అదే గొప్పతనం అనుకుంటారేమో అని.”

ఆయన మైకు దగ్గరికి జరుపుకున్నారు.

“బడిలో కష్టపడినందుకు నేను చింతించడం లేదు. పిల్లలకు చదువు రావాలి. కానీ సాయంత్రం అయిదు దాటాక నేను చేసిన పనుల్లో సగం నేను లేకపోయినా జరిగేవి. పేరొస్తుంది కాబట్టి చేశాను. ఇంట్లో చేసేదానికి పేరు రాదు, శాలువా కప్పరు. అందుకని అది పనే కాదనుకున్నాను. నేను త్యాగం చేశానని మీరంటున్నారు. దణ్ణాలు నాకొచ్చాయి, గౌరవం నాకొచ్చింది, ఆవిడకి అలిసిపోయిన నా ఒళ్ళు ఒకటే వచ్చింది. త్యాగం ఎవరిది?”

ఎవరో నీళ్ళ గ్లాసు అందించబోతే ఆయన వద్దన్నారు.

“నా భార్య పేరు లీలారాణి. ఆమెకి ఏ కూర ఇష్టమో, ఏ పాట ఇష్టమో పక్కింటావిడ చెబితే తెలుసుకున్నాను, అరవై రెండేళ్ళ వయసులో. ఇప్పుడు నాకు కావలసినంత తీరిక ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చుంటున్నాను. ఆమె చెప్పడానికి మాట లేదు. రిటైరయ్యాక చూద్దాం, పిల్ల పెళ్ళయ్యాక చూద్దాం, ఆదివారం చూద్దాం అనుకుంటూ నేను దాచుకున్న రోజులన్నీ ఇలా ఖర్చవుతున్నాయి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో తిరుమలరావు తల వంచుకున్నాడు. జ్ఞానానందం గారు మెడలోని దండలు తీసి బల్ల మీద పెట్టి, కుర్ర ఉపాధ్యాయుల వైపు తిరిగారు.

“బాబూ, ఇల్లంటే మనం అలిసిపోయాక వచ్చి పడుకునే చోటని నేననుకున్నాను. మనం బతికే బతుకంతా అక్కడే ఉంది. పది నిమిషాలు కూర్చోమని ఇంటివాళ్ళు అడిగినప్పుడు కూర్చోండి, ఇద్దరికీ మాట ఉన్నప్పుడే కూర్చోండి.”