తాళం వేసిన గేటు దగ్గర లెక్క

ముప్పై నాలుగేళ్లు టాటానగర్ యార్డులో నంబర్ టేకర్‌గా చేశాను. గూడ్సు బండి వస్తే వ్యాగన్ల నంబర్లు వరసగా రాసుకోవడమే ఉద్యోగం. బండి కదులుతున్నా ఒక్క నంబరు వదల్లేదు. అలాంటి నా ముందు మనవరాలు రజని శుక్రవారం సాయంత్రం ఒక కాగితం పెట్టింది. నడిచేవాళ్లు సున్నా, సైకిళ్లు సున్నా. నాకు ఒళ్లు మండింది.

రజని కాలేజీకీ పక్క కాలేజీకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. గోడకు గేటుంది, గేటుకు తాళముంది. క్లాసులు ఇటు, ల్యాబు అటు. పిల్లలంతా గోవింద్‌పూర్ రోడ్డెక్కి, లారీల మధ్య చుట్టూ తిరిగి పోవాలి. పోయిన నెల అక్కడే ఒక లారీ రజని సైకిలును రాసుకుంటూ పోయింది. మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. గేటు తెరవమని అర్జీ పెడితే, ఎంతమందికి అవసరమో లెక్క తెమ్మన్నారు, వాళ్ల కాలేజీలో గేటు సంగతి చూసే సూర్యప్రకాష్ సార్. శనివారం మూడు గంటలకు మీటింగు. లెక్క చూపించకపోతే గేటు పీకేసి ఇటుకలు కట్టేస్తారు.

"ఎక్కడ నిలబడి లెక్కెట్టేవే?"

"గేట్ కే పాస్, తాతా. సార్ నే వహీ బోలా థా," అంది. సార్ అక్కడే నిలబడమన్నారట; దానికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబెప్పుడూ హిందీలోనే.

"తాళమేసిన గేటు కాడ ఎవులు నడుత్తారే? మీ సార్‌కి బుర్రుందా? బండి ఎక్కడ బయల్దేరిందో, ఎక్కడ సేరిందో, రెండు కాడలా సూడాల."

యార్డులో వ్యాగన్ల మీద సుద్దతో గుర్తు పెట్టేవాళ్లం. మర్నాడు పొద్దున్నే సుద్దముక్కల పెట్టెతో వాళ్ల కాలేజీ మెయిన్ గేటు దగ్గర నిలబడ్డాను. పక్క కాలేజీకి పోతున్నామన్న ప్రతివాడి సైకిలు మడ్‌గార్డు మీదా, నడిచేవాళ్లయితే సంచి మీదా ఒక నంబరు రాశాను. కొత్త బ్యాగని ఒక పిల్ల నన్ను తిట్టింది. నేనూ తిట్టి, నంబరు చిన్నగా రాశాను. ఫోన్లో మాట్లాడుతూ పోతున్న ఒకాయన, పక్క కాలేజీకేనా అంటే తలూపాడు గానీ, నల్లబ్యాగు మీద ఏం రాశానో చూడనైనా లేదు.

అటు కాలేజీ గేటు దగ్గర, లోపలికొచ్చే నంబర్లు టైముతో సహా రాసుకోవడం రజని పని. మొహాలు చూస్తే లెక్క తప్పుతుందని ముందే గట్టిగా చెప్పాను.

మీటింగులో నేనూ వెనక కుర్చీలో కూర్చున్నాను. నడక రెండొందల నలభై రెండు, సైకిళ్లు నూట డెబ్బై ఆరు అని రజని చదివింది. సూర్యప్రకాష్ సార్ నవ్వి, ఇలాంటి నంబర్లు ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చన్నారు హిందీలో. పిల్ల మొహం వాడిపోయింది. ఏదో ఒకటి అనేద్దామని లేచేసరికి, ఆయన ముందు టేబుల్ మీద నల్లబ్యాగు కనిపించింది. దాని మీద నా చేతిరాత.

"సార్, ఆప్‌కా బ్యాగ్ దేఖియే," అని బ్యాగు వైపు వేలు చూపించాను. "రజనీ, నూట ముప్పై ఏడు సదువు."

రజని వేలుతో వెతికింది. "ఏక్ సౌ సైంతీస్. పైదల్. దస్ బజ్‌కర్ చాలీస్ మినట్."

పది నలభైకి తాను నడిచి ఎక్కడికి చేరారో సార్‌కి గుర్తొచ్చినట్టుంది. సుద్దను బొటనవేలితో రుద్దబోయి ఆగిపోయారు. ఆ గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందని ప్యూన్‌ని అడిగారు.

బయటికొచ్చాక రజని నా చెయ్యి పట్టుకుంది. ఎన్నడూ లేనిది, తెలుగులో అడిగింది. "తాతా, అది సార్ బ్యాగని నీకు ముందే తెలుసా?"

"నాకేటి తెలుసు? మొహాలు సూడొద్దని సెప్పిందెవులే?"