ఏడిపించకూడని పిల్ల

అంబ్రీన్‌ను ఏడిపించకూడదు. శ్రీకాళహస్తిలో వాళ్ళుండే సందులో ఈ సంగతి అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ ఆ పిల్లకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. ఏడిస్తే పెదవులు నల్లబడతాయి, ఊపిరి అందదు. అందుకే పిల్ల ముఖం ముడుచుకుందంటే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు నవ్వించి తీరాలి. వాళ్ళ నాన్న అబ్దుల్ సత్తార్ కలంకారీ గుడ్డలకు రంగులు వేసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. అయినా రెండు చెవులూ పట్టుకుని బుగ్గలు ఉబ్బించాడంటే పిల్ల పకపకా నవ్వాల్సిందే.

గుండె జబ్బు పిల్లల కోసం విరాళాల సభ, ఇంటిల్లిపాదీ రావాలని తిరుపతి నుంచి ట్రస్టు వాళ్ళు ఫోన్ చేశారు. పెద్దవాళ్ళ ఫంక్షన్‌కు పిలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? తల్లి వహీదున్నీసా కూడా అదే చేసింది. పిల్లకు రంజాన్ గౌను తొడిగి, చేతుల నిండా గాజులు వేసి, కళ్ళకు సుర్మా పెట్టి ఆదివారం పొద్దున్నే బస్సెక్కించింది.

కల్యాణ మండపం గుమ్మంలో ట్రస్టు కార్యదర్శి ధనశేఖర్ వాళ్ళను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమ్మా, పెండ్లికొచ్చినారా? పాపను ఇట్ల సూస్తే ఎవురిస్తారు? ఆ గాజులు తీసెయ్. ఆ కాటుక తుడుసు."

తీసింది. తుడిచింది.

"రెండే సభలు. ఈపొద్దు ఈడ, వచ్చే ఆదివారం చిత్తూర్లో. సరిపడా వస్తే ఈ నెల్లోనే ఆపరేషన్. రాకుంటే ఆర్నెల్లు ఆగాల."

"డాక్టరు ఈ నెల దాటనీయొద్దన్నాడు సార్."

"అందుకే చెప్తా ఉండాను. స్టేజి మీద పాప రవ్వంత ఏడిస్తే మేలు."

ఏడవకూడదని చెప్పబోయింది. ఆయన అప్పటికే ఎవరో ముఖ్య అతిథి కారుకు ఎదురు పరుగెత్తాడు.

దాతలు ఉప్మా, కేసరి తిని, ఒకరికొకరు శాలువాలు కప్పుకునేసరికే గంట గడిచింది. దయగల మారాజులు! ఆ తర్వాత తల్లీబిడ్డలను వేదిక ఎక్కించారు. పిల్ల జబ్బు గురించి ధనశేఖర్ గొంతు వణికిస్తూ మైకులో చెప్పి, ఇచ్చేవాళ్ళు చెయ్యెత్తమంటున్నాడు. అంత జనాన్ని చూసి అంబ్రీన్ ముఖం ముడుచుకుంది. మొదటి వరుసలో కూర్చున్న సత్తార్ అది చూశాడు. తొమ్మిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? చేతులు వాటంతటవే చెవుల మీదికి పోయాయి, బుగ్గలు ఉబ్బాయి.

పిల్ల పకపకా నవ్వింది. హాలంతా నవ్వింది. ఎవరో ఒకావిడ "చక్కంగా ఉండాదే పాప" అని చెయ్యెత్తబోయి దించేసింది. ధనశేఖర్ వహీదున్నీసా వైపు గుర్రుగా చూశాడు.

డాక్టరు మాట ఆమె చెవుల్లో గింగురుమంది. నవ్వుతున్న బిడ్డ పక్కనే నిలబడి, బుర్కా చాటు నుంచి చెయ్యి చాపి, మోచేతి పైన మెత్తటి చోటు చూసి గిల్లింది. పిల్ల తెల్లబోయి తల్లి వైపు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల మీద ఇంట్లో ఎవరి చెయ్యీ పడలేదు. వహీదున్నీసా కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా మెలిపెట్టింది.

అంబ్రీన్ ఏడ్చింది. పెదవులు నల్లబడ్డాయి, రొమ్ము ఎగిరెగిరి పడింది. జనం లేచి నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు. చేతుల మీద చేతులు లేచాయి. సత్తార్ ఒక్కడే వేదిక మీదికి పరుగెత్తి పిల్లను ఎత్తుకున్నాడు.

"సగం పైనే వచ్చినాదమ్మా," అన్నాడు ధనశేఖర్ సంబరంగా. "చిత్తూర్లో కూడా ఇట్లే జరగాల."

తిరుగు బస్సులో పిల్ల ఎప్పటిలాగే తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. కోపమైనా చేసుకోలేదు. బస్సు ఏర్పేడు దాటుతుండగా సత్తార్ ముందు సీటులోంచి వెనక్కి తిరిగి చెవులు పట్టుకున్నాడు.

"అబ్బా, చిత్తూర్లో నువ్వు ముందర కూసోవద్దు," అంది అంబ్రీన్ నాన్నతో. ఆయన చేతులు దించేశాడు.

తర్వాత పిల్ల లేచి కూర్చుని, కమిలిన చెయ్యి ఒళ్ళో దాచుకుని, రెండో చెయ్యి తల్లి ముందుకు చాపింది.

"అమ్మీ, ఆడ ఈ చెయ్యి గిల్లు. ఆ చెయ్యి నొప్పిగా ఉండాది."

వహీదున్నీసా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టుకుంది. గిల్లను అని మాత్రం అనలేదు.