వెనక సీటు మాటలు

రండి రండి, దగ్గరికి జరగండి. గళ్ళ చొక్కా బాబూ, ఆ ఫోను జేబులో పెట్టు. పెద్దాయనా, దగ్గు వస్తే కథ అయ్యాక తీరిగ్గా దగ్గుదురు గానీ, కాసేపు ఓర్చుకోండి. ఆ మూల గుసగుసలేంటి? నోళ్ళు కట్టేసుకోండి. నా చేతిలో కత్తి ఉంది. మధ్యలో ఎవరైనా తల తిప్పితే చెవికి నాది పూచీ కాదు.

నా సెలూన్ మీద గది ఉంది చూశారా, అందులో ఉండే మొగుడూ పెళ్ళాల కథ ఇది. ఆవిడ నన్ను అన్నయ్యా అనేది, కాబట్టి ఆయన నాకు బావ. రాత్రంతా బేకరీలో పిండి పిసికి, పొద్దున్నే కనుబొమ్మల నిండా పిండితో వచ్చేవాడు. అందుకే పిండి బావ అన్నాం. చెల్లెమ్మది ఊరికి ఆ చివర లాండ్రీలో పని. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. చెల్లెమ్మ ఇస్త్రీ చేసిన దుప్పటి మడత మీద వేలు పెడితే తెగుతుంది. నా కత్తి ఎప్పుడైనా మొద్దుబారితే దుప్పటితోనే గడ్డం గీసేవాణ్ణి. నవ్వకండి, నిజం.

ఆయన పొద్దున వచ్చేసరికి ఈమె బయల్దేరాలి. ఈమె సాయంత్రం బస్సు దిగేసరికి ఆయన బేకరీకి పోవాలి. ఒకరు గడప లోపలికి, ఒకరు గడప బయటికి. ఇక కాపురం ఎక్కడంటే, స్కూటర్ మీద. పొద్దున ఆయన మొహం కూడా కడుక్కోకుండా ఆమెని ఎక్కించుకుని లాండ్రీ దగ్గర దింపి వచ్చేవాడు. పొద్దున బస్సు ఉంది. ఉన్నా ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఎందుకంటే ఎదురెదురుగా కూర్చుంటే వాళ్ళకి మాట పెగలదు. ఆయన కాలి వేళ్ళు చూసుకుంటాడు, ఆమె గిన్నె అడుగు చూస్తుంది. స్కూటర్ మీద అలా కాదు. ఆమె ఆయన మెడ వెనక్కి చెబుతుంది, ఆయన రోడ్డుకి చెబుతాడు, మధ్యలో ఇంజన్ గోల. మొహాలు కనబడవు కాబట్టి అన్నీ బయటికొచ్చేవి. అద్దె గొడవ, అత్తగారి సంగతి, ఎవరికి ఎవరి మీద కోపం, అన్నీ. కడుపులో బిడ్డ నిలవలేదన్న మాట కూడా ఆమె బండి మీదే చెప్పిందట. ఆ రోజు ఆయన ఇంజన్ ఆపలేదు. ఆపితే మొహం చూడాలి కదా, అందుకని ఊరంతా తిప్పాడు. అప్పట్లో పెట్రోలు అంత ఏడుపుకి సరిపోయేది.

తర్వాత ధర పెరిగింది. ఎలా పెరిగిందో మీకు నేను చెప్పాలా? బంకు బోర్డు మీద అంకెలు మార్చేవాడు నిచ్చెన దిగడం మానేసి, పైనే తిని పైనే పడుకునేవాడు. ఒకాయన ట్యాంకు మూత తీసి వాసన చూస్తే దానికీ బిల్లు వేశారు. ఆ ఒకాయన నేనే.

పిండి బావ ఊరుకున్నాడా? దిగుడు వస్తే ఇంజన్ ఆపేసేవాడు. ఎగుడు వస్తే చెల్లెమ్మ దిగి నడిచేది. వెనక నుంచి గాలి తోలిందంటే ఆమె శాలువా విప్పి రెండు చేతులా పట్టుకునేది, బండి తెరచాప ఎత్తిన పడవలా పోయేది. ఒకసారి ట్రాఫిక్ పోలీసు ఆపి, "పడవ నడపడానికి లైసెన్సు ఉందా?" అని అడిగాడు.

అయినా గిట్టుబాటు కాలేదు. చివరికి చెల్లెమ్మే దారి చూసింది. లాండ్రీ వ్యాను పొద్దునా సాయంత్రం మా వీధిలోంచే పోతుంది. మాసిన దుప్పట్ల మూటల మధ్య కాస్త చోటు ఇస్తానన్నాడు డ్రైవరు, ఊరికే. బావని బేకరీ బండి వీధి చివర దింపేది. ఇద్దరికీ రూపాయి ఖర్చు లేదు. స్కూటర్ మెట్ల కింద చేరింది. నేను కూడా, "భలే పని చేశారు చెల్లెమ్మా" అన్నాను.

"అవును అన్నయ్యా" అంది. దుప్పట్లు మడత పెట్టినట్టు ఆ మాట మడత పెట్టేసింది.

ఫోనుందిగా అంటున్నాడు గళ్ళ చొక్కా. ఉంది నాయనా. ఫోనులో బావ "ఆఁ" అంటాడు, కాసేపాగి "ఊఁ" అంటాడు. ఛార్జింగ్ దండగ.

కొన్నాళ్ళు పోయాయి. ఒక ఆదివారం షట్టర్ ఎత్తుతూ మెట్ల కిందికి చూశాను కదా, ఇద్దరూ స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. బండి స్టాండు మీదే ఉంది. తాళం చెవి కూడా పెట్టలేదు. ఆయన హ్యాండిల్ పట్టుకుని ముందుకి చూస్తున్నాడు. ఆమె వెనక ఒక పక్కకి కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి గలగలా మాట్లాడుతోంది.

"ఎందాకా వచ్చారు?" అన్నాను.

"రైల్వే గేటు దగ్గర ఆగాం అన్నయ్యా, గేటు పడింది" అంది చెల్లెమ్మ.

"అడ్డం లేవయ్యా బామ్మర్దీ, హారన్ కొట్టించకు" అన్నాడు బావ. ఆ మనిషి అంత పొడుగు మాట మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అంతే. వీధిలో జనం ఆగి చూసేవాళ్ళు. "మైలేజీ ఎంతిస్తోంది?" అని ఒకడు, "టైర్లు అరిగిపోతాయి జాగ్రత్త" అని ఒకడు. చెల్లెమ్మ నవ్వేసేది. బావకి మాత్రం చెవులు ఎర్రబడేవి. ఆమెని చూసి నవ్వుతున్నారని బాధపడేవాడు.

ఒక శనివారం సాయంత్రం చెల్లెమ్మ వ్యాను దిగి నా దగ్గరికొచ్చింది. లాండ్రీ వాళ్ళు వేరే ఊళ్ళో పెద్దది పెడుతున్నారు, ఇస్త్రీ పనంతా ఆమెని చూసుకోమంటున్నారు. ఉండడానికి అక్కడే గది. పనికి వెళ్ళిరావడానికి బండీ అక్కర్లేదు, బస్సూ అక్కర్లేదు. వ్యాను రేపే బయల్దేరుతోంది, డ్రైవరు వచ్చి జవాబు అడుగుతాడు.

"నీకు వెళ్ళాలనుందా?" అన్నాను.

"లేదన్నయ్యా. ఆయన వద్దంటే చాలు, వద్దనేస్తాను. కానీ ఆయనంతట ఆయన అనాలి. రేపు పొద్దున బండి మీద అడుగుతాను. నువ్వు మధ్యలో నోరు జారకు."

ఆమె మెట్ల కిందికి చూడకుండానే పైకి వెళ్ళిపోయింది. చూసుంటే బాగుండేది. మెట్ల కింద స్కూటర్ లేదు.

తెల్లారింది. ఎప్పుడూ రానంత ఆలస్యంగా వచ్చాడు బావ, నెత్తిన కుర్చీ, చేతిలో కుర్చీ. నేను ఒకాయనకి సగం గడ్డం గీసి ఉన్నాను. కత్తి అలాగే పట్టుకుని బయటికొచ్చాను.

"బండి ఏది బావా?"

"అమ్మేశాను. రోడ్డెక్కని బండి ఎందుకు బామ్మర్దీ? వీధిలో అందరూ మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. మెత్తటి కుర్చీలు కొన్నాను చూడు. ఇక మీ చెల్లెలూ నేనూ ఇంట్లో మర్యాదగా కూర్చుని మాట్లాడుకుంటాం. వీటికి పెట్రోలు కూడా అక్కర్లేదు!"

ఎంత సంతోషంగా ఉన్నాడో! పిండి కనుబొమ్మలు పైకెగిరి నెత్తి మీద జుట్టులో కలిశాయి.  ఆయన వెనకే మెట్లెక్కాను. నా వెనక సబ్బు నురగ మొహంతో ఆ సగం గడ్డం ఆయన కూడా ఎక్కాడు. గుమ్మం దగ్గర ఆగాం.

బావ కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. ఆమె ఒకదాన్లో, ఆయన ఒకదాన్లో కూర్చున్నారు.

"ఏమైనా చెప్పాలా" అన్నాడు ఆయన, కాలి వేళ్ళు చూసుకుంటూ.

"ఏం లేదు. కుర్చీలు బాగున్నాయి" అంది, కుర్చీ చెయ్యి నిమురుతూ.

కింద వ్యాను హారన్ కొట్టింది.

"ఎవరు?"

"లాండ్రీ వాళ్ళు."

ఆయన మళ్ళీ కాలి వేళ్ళకి, ఆమె మళ్ళీ కుర్చీ చేతికి. నాకు గొంతు దాకా వచ్చింది, చెప్పేద్దామని. నోరు జారకు అందిగా, పళ్ళు బిగబట్టుకున్నాను. అంతలో బావకి ఏం అర్థమైందో, లేచి తన కుర్చీని గోడవైపు తిప్పాడు. ఆమె కుర్చీకి వీపు పెట్టి కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకి చాపి, లేని హ్యాండిల్ పట్టుకున్నాడు.

చెల్లెమ్మ మొహంలో వెలుగు చూడాలి! కుర్చీ ముందుకి జరుపుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన మెడ వెనక్కి చెప్పింది.

"వేరే ఊరు పొమ్మంటున్నారు. వారం వారం వచ్చి పోవాలంటే వచ్చే జీతం ఛార్జీలకే పోతుంది. ఎప్పుడో గానీ రాలేను. వెళ్ళనా, వద్దా?"

బావ నోరు తెరిచాడు. మాట రాలేదు. గది నిశ్శబ్దంగా ఉంది కదా, ఇంజన్ గోల లేదు. ఆ గోల లేకుండా మాట్లాడడం ఆయనకి చేతకాదు. అందుకని ఏం చేశాడో తెలుసా? పెదాలు బిగించి, నోటితోనే ఇంజన్ చప్పుడు మొదలుపెట్టాడు. బుర్ర్ర్... బుర్ర్ర్... నోరంతా ఇంజనైపోతే ఇక మాట ఎక్కణ్ణించి వస్తుందండీ? మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. వెనకున్న ఆమెకి అవేవీ కనబడవు. ఆమెకి తెలిసింది బుర్ర్ర్ ఒక్కటే.

ఆమె ఎదురుచూసింది. కింద హారన్ మళ్ళీ మోగింది. భుజం మీంచి చెయ్యి మెల్లగా తీసింది. బండి దిగినట్టే ఒక పక్కకి దిగింది. కొక్కేనికి ఉన్న సంచి తీసుకుని, "వద్దన్న మాట లేదు, పొమ్మన్న మాటా లేదన్నయ్యా, నన్ను దారి మధ్యలో దింపేసి బండి పోనిచ్చినట్టుంది" అని మమ్మల్ని దాటుకుని మెట్లు దిగిపోయింది. ఆయనకి తన చప్పుడులో ఏదీ వినబడలేదు.

నేను వరండాలోకి పరిగెత్తి పిలిచాను. వ్యాను తలుపు పడింది. నా కేక తలుపుకి తగిలి వెనక్కొచ్చింది.

తిరిగొచ్చేసరికి బావ ఇంజన్ ఆపాడు. గోడకి చెబుతున్నాడు.

"వెళ్ళకు. జీతం లేకపోయినా పర్లేదు. నువ్వు మాట్లాడకపోతే నేను బతికున్నట్టు నాకే తెలీదు. వెళ్ళకే."

చెప్పి, జవాబు కోసం మెడ కాస్త వంచి ఆగాడు, ఆమె చెప్పేది వినడానికి ఎప్పుడూ వంచినట్టే. వెనక కుర్చీ ఖాళీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మర్నాడే ఆయన బస్సెక్కి ఆ ఊరు పోయాడు కూడా. లాండ్రీ వాకిట్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారట. "బాగున్నావా?" "బాగున్నాను." అంతే, తిరిగొచ్చాడు. కుర్చీలు ఇప్పటికీ పైన ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఆమె రాలేదు.

కానీ ఆ రోజు, ఆయన అలా మెడ వంచి ఆగినప్పుడు, సగం గడ్డం ఆయన మొహం మీద నురగ తుడుచుకుంటూ లోపలికెళ్ళి, ఆ ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగాడు కదా:

"బాబూ, ఎలాగూ వెనక ఖాళీయే కదా, పోయే దారిలో నన్ను మార్కెట్ దగ్గర దింపుతావా?"