ఎర్ర సున్నా చుట్టిన పేరు

మా అత్తగారు మెట్లెక్కి వస్తున్నప్పుడు నేను మూడో ప్లాట్‌ఫాం బస్సు బయలుదేరుతోందని మైకులో చెబుతున్నాను. గాజు తలుపు వెనక ఆవిడ నోరు కదలడం కనిపించింది. తలుపు తెరుచుకున్నాక మాట వినిపించింది.

"ఒసేయ్ బొంగరం, ఒక్కచోట నిలబడవే! పడ్డావంటే మూతి పగులుతుంది."

బొంగరం అన్నది మా ఆడపడుచు కూతురిని. నాలుగేళ్లది. గౌను అంచు గొడుగులా లేచేదాకా గిరగిరా తిరగడమే దాని పని. ఇంట్లో అందరం దాన్ని చిట్టి అంటాం. కాగితాల మీద మాత్రం దానికి అయిదక్షరాల పేరొకటి ఉంది. ఆ పేరు కోసం మా ఇంట్లో మూడు నెలలు యుద్ధం జరిగింది. చివరికి అత్తగారే గెలిచి, పుట్టిన పత్రంలో రాయించి, మర్నాటి నుంచి తనే 'చిట్టీ' అని పిలవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నా వంతు. నాకు ఏడో నెల. ఆవిడ చంకలో ఉన్న నోటుపుస్తకంలో ఎడమ పేజీ నిండా ఆడపిల్లల పేర్లు, కుడి పేజీ నిండా మగపిల్లల పేర్లు. టీవీలో విన్నవి, పెళ్లి కార్డుల మీద చూసినవి, పక్కింటివాళ్ల మనవల దగ్గర కాజేసినవి.

క్యారేజీ బల్ల మీద పెట్టి, మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను మైకు వైపు తిరిగిపోయాను. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నా నేను అటు చూడలేను.

"ఇవాళ తేల్చెయ్ అమ్మాయ్. రోజూ చూద్దాం అత్తయ్యా, చూద్దాం అత్తయ్యా అంటే ఎన్నాళ్లు చూస్తావ్? నీ మొగుణ్ణి అడిగితే నిన్నడగమంటాడు. నిన్నడిగితే మైకు చూపిస్తావ్."

"చదవండి, వింటాను."

ఆవిడ చదువుతుంటే నేను ఒక్కో పేరునూ మనసులోనే మైకులో పెట్టి చూస్తున్నాను. అది నాకు అలవాటైపోయింది. పదకొండేళ్లుగా బస్టాండు పై అంతస్తులో ఈ గాజు గదిలో కూర్చుంటున్నాను. పన్నెండు ప్లాట్‌ఫాంల బస్సుల్ని పంపడమే కాదు, తప్పిపోయిన పిల్లల్ని పిలవడం కూడా నా పనే. అత్తగారికి పేరంటే అర్థం, అందం, నలుగురూ మెచ్చుకోవడం. నాకు పేరంటే ఒక చొక్కా రంగు, ఒక వయసు, పక్కనే వణుకుతున్న తల్లి గొంతు. ఆ పుస్తకంలో నేను పిలవని పేరు లేదనిపిస్తుంది. పిలిచినవాళ్లు చాలామంది పది నిమిషాల్లో ముక్కు తుడుచుకుంటూ వచ్చేశారు.

ఒక్కడు రాలేదు.

ఎర్ర సిరాతో సున్నా చుట్టిన పేరు దగ్గర ఆవిడ ఆగారు.

"ఇది మాత్రం నేను వదలను. ఎంత ముద్దుగా ఉందో చూడు. నోట్లో వేసుకుంటే కరిగిపోయేట్టుంది."

వాడి పేరు అదే. మూడేళ్ల కిందట. అయిదేళ్ల వాడు, నీలం చొక్కా. పొద్దున్న తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరుదాకా ఆ పేరే పిలిచాను. వాళ్లమ్మ ఈ స్టూలు మీదే కూర్చుంది, చేతిలో వాడి చెప్పు ఒకటి పట్టుకుని. మధ్యమధ్యలో బస్సుల సంగతీ చెబుతూనే ఉన్నాను, అది నా డ్యూటీ. ఆ బస్సుల్లో ఏదో ఒకటి ఎక్కి వెళ్లిపోయి ఉంటాడని తరవాత పోలీసులన్నారు. ఏ బస్సో ఎవరికీ తెలియదు. దాన్ని పంపిన గొంతు మాత్రం నాదే. ఈ సంగతి నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"అది వద్దత్తయ్యా."

"ఎందుకొద్దు?"

"వద్దంతే."

"వద్దంతే అంటే? నేను చెప్పాననేగా? అదే మీ అమ్మ చెబితే కళ్లకద్దుకునేదానివి."

"మధ్యలో మా అమ్మెందుకు? ఆవిడ పేరు గురించి నోరే ఎత్తలేదు."

"ఎందుకెత్తుతుంది! పుస్తకం మోసుకు తిరగడానికి వెర్రిదాన్ని నేనున్నాగా."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఉన్నది చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడు తోచింది, గదిలో తిరిగే కాళ్ల చప్పుడు లేదని.

గాజు తలుపు జానెడు తెరిచి ఉంది.

"చిట్టేదీ?"

మెట్ల మీద లేదు. మెట్ల కింద లేదు. రెయిలింగు పట్టుకుని వంగి చూస్తే కింద వందల తలలు, మూటలు, ట్రంకు పెట్టెలు. పసుపు గౌను ఎక్కడా లేదు. అత్తగారు అప్పటికే కిందికి పరుగెత్తారు. ఆ పొట్టతో నేను ఆవిడ వెంట దిగలేను. వెనక్కొచ్చి మైకు ముందు కూర్చుని బొత్తాం నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది.

డ్యూటీ గొంతే వచ్చింది నాకు. అయిదక్షరాల పేరు చెప్పాను. నాలుగేళ్ల పాప, పసుపు గౌను, రెండు పిలకలు, చూసినవారు అనౌన్స్‌మెంట్ గదికి తీసుకురావాలని కోరాను. రెండోసారి చెప్పాను. మూడోసారి చెబుతూ మధ్యలోనే ఆగిపోయాను. ఆ పేరుతో దాన్ని ఎవరూ ఒక్కనాడూ పిలవలేదు. అది తన పేరేనని దానికి ఎవరు చెప్పారు గనక?

"చిట్టీ! చిట్టీ, ఎక్కడున్నావమ్మా, అత్త దగ్గరికి రా."

అయిదు నిమిషాల్లో మెట్ల కింద ముగ్గురు చిట్టిలు పోగయ్యారు. ఒక చిట్టి నాయనమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇంకో చిట్టికి పన్నెండేళ్లుంటాయి, నవ్వుతోంది. మూడోదాన్ని ఒక కూలీ భుజాన వేసుకుని తెచ్చాడు. అది భోరున ఏడుస్తుంటే, వెనకనే వాళ్ల నాన్న కూలీని తిడుతూ పరుగెత్తుకొచ్చాడు. మా చిట్టి వాళ్లలో లేదు.

బస్సుల టైములు చూసే కంట్రోలరు చేతిలో చీటీ పట్టుకుని వచ్చాడు. "మేడమ్, ఏడోది, తొమ్మిదోది టైము దాటిపోయాయి. చెప్పండి."

"చెప్పను."

"చెప్పకపోతే ఎలా మేడమ్?"

"పిల్ల దొరికేదాకా ఒక్క బస్సు కూడా నా గొంతుతో కదలదు. పైకి రాసుకుంటారో, మెమో ఇప్పిస్తారో మీ ఇష్టం."

అతను స్టూలు వైపొకసారి చూశాడు. మూడేళ్ల కిందట కూడా అతనే డ్యూటీలో ఉన్నాడు.

"గేటు మూయిస్తా. పది నిమిషాలు. అంతకన్నా నా చేతుల్లో లేదు," అని దిగిపోయాడు.

గేటు మూశారో లేదో డ్రైవర్లు హారన్లు అందుకున్నారు. ఆ మోతకి కడుపులో బిడ్డ ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి కదిలి, ఆగిపోయింది. మళ్లీ కదలలేదు. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి బొత్తాం మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇటు పిలవాలి, అటు వినాలి. గోడగడియారంలో ముల్లు నాలుగు గీతలు దాటాక గానీ లోపల చిన్నగా తన్నలేదు.

తలుపు తోసుకుని అత్తగారొచ్చారు. జుట్టు ముడి ఊడిపోయింది. ఒక కాలికి చెప్పు లేదు. మరుగుదొడ్లు చూశారట, పార్సిలు గది చూశారట, నీళ్ల ట్యాంకు వెనక చూశారట. "లేదమ్మాయ్, లేదు. దాని తల్లికి నేనేం చెప్పనే?" అంటూ స్టూలు మీద కూలబడ్డారు.

"లేవండి! అక్కడ కూర్చోకండత్తయ్యా, లేవండి!"

ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ మీద నేను గొంతు పెంచడం అదే మొదలు. ఆవిడ బెదిరిపోయి లేచారు. నా ముఖంలో ఏం చూశారో ఏమో, రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చి, నా వేలు పక్కకి నెట్టి బొత్తాం నొక్కారు. మొదట బస్టాండంతా ఆవిడ రొప్పే వినిపించింది. తరవాత గొంతు పగిలేట్టు అరిచారు.

"ఒసేయ్ బొంగరం! ఎక్కడ తిరుగుతున్నావే? కాళ్లు విరగ్గొడతా, రా ముందు! బొంగరం!"

పన్నెండు ప్లాట్‌ఫాంలూ గొల్లుమన్నాయి. ఆ నవ్వుల మధ్య తొమ్మిదో ప్లాట్‌ఫాం బస్సు కిటికీలోంచి పసుపు గౌను చెయ్యొకటి బయటికొచ్చింది. ఆ వెనకే రెండు పిలకలు.

కండక్టరు దాన్ని ఎత్తుకుని మెట్లెక్కాడు. అత్తగారు కొట్టడానికి చెయ్యెత్తారు. ఆ చేత్తోనే దాన్ని లాక్కుని, వీపు, కాళ్లు, వేళ్లు అన్నీ తడిమి చూసుకున్నారు.

"ఎందుకరుస్తున్నావ్ అమ్మమ్మా? అందరూ నవ్వుతున్నారు."

"చిట్టీ అని పిలిచాం కదే! వినపడలేదా?"

"వినపడింది. నా పక్కన కూచుంది కదా, ఆ పాప పేరు చిట్టి. నిన్నే పిలుస్తున్నారే అని వాళ్లమ్మ నవ్వింది."

"మరి అంతకు ముందు?" అంటూ నేను అయిదక్షరాల పేరు చెప్పాను.

"అదెవరు?" అంది.

కండక్టరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "వాళ్ల పిల్లే అనుకున్నానమ్మా. ముగ్గురూ ఒకే సీట్లో కిచకిచలాడుతున్నారు. గేటు మూయకపోతే ఈపాటికి ఊరు దాటేసేవాళ్లం."

అతను మెట్లు దిగాడు. గేటు తీశారు. నేను ఏడో ప్లాట్‌ఫాం బస్సు చెప్పాను. తొమ్మిదోది చెప్పేటప్పుడు కళ్లు చిట్టి పసుపు గౌను మీదే ఉంచుకున్నాను, అది గదిలోనే ఉన్నా సరే.

ఒంటిగంటయింది. ఆ వేళకి రోజూ నేను చేసే పని ఒకటుంది. మైకు పరీక్ష అని డ్యూటీ పుస్తకంలో రాసుకుంటాను. కంట్రోలరుకు తెలుసు, ఏమీ అనడు. అత్తగారి ముందు చెయ్యాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, బొత్తాం నొక్కాను. ఎర్ర సున్నా చుట్టిన ఆ పేరు ఒక్కసారి పిలిచాను. ఎక్కడున్నా అనౌన్స్‌మెంట్ గదికి రావాలి, నీకోసం ఎదురుచూస్తున్నారు. బొత్తాం వదిలేశాను.

అత్తగారు నోటుపుస్తకం వైపు చూశారు. తరవాత స్టూలు వైపు చూశారు.

"ఎవరమ్మాయ్ అది?"

చెప్పాను. చొక్కా రంగు, చెప్పు, తొమ్మిది నుంచి ఆరు దాకా, అన్నీ చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మా ఇంట్లో అది వింతే.

"ఇప్పుడెన్నేళ్లుంటాయి వాడికి?"

"ఎనిమిది."

పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేస్తారనుకున్నాను. కొట్టలేదు. ఆ ముక్క వరకూ కాగితం చింపి, మైకు ఉన్న బల్ల అద్దం కింద దోపారు. "ఇది వాడికే ఉండనీ," అన్నారు. మిగిలిన పుస్తకం మూసి క్యారేజీ సంచిలో పడేశారు. "దీనికేం తొందర? ముందు బిడ్డ చేతిలోకి రానీ. ముందు పిలుద్దాం, తరవాత రాయిద్దాం. ఈసారి మాత్రం పిలిచిందే రాయిద్దాం."

"మీకు నచ్చకపోతే?"

"నా నోటికి ఏం వచ్చిందో చూశావుగా. నాకు నచ్చడానిదేముందిలే."

ఒంటి చెప్పుతోనే బయలుదేరారు. చిట్టి మణికట్టు నలిగిపోయేట్టు పట్టుకున్నారు. మెట్టు దిగినప్పుడల్లా "బొంగరం" అంటున్నారు, అది "ఊఁ" అంటోంది. పక్కనే కాళ్లీడుస్తూ దిగుతున్న పిల్లని ప్రతి మెట్టుకీ పిలుస్తున్నారు.

నేను గాజు తలుపు తెరిచి పెట్టుకుని, ఆ 'ఊఁ' కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. కింద బస్సు ఏదో స్టార్టయ్యేదాకా వినిపించింది. ఆ తరవాత వినిపించలేదు.