జేబులో రాయి

మా అమ్మాయి మారిన్‌కి భూగర్భశాస్త్రంలో డాక్టరేట్ చేయాలని పట్టుదల. అందుకు తనను బాగా ఎరిగిన ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు కావాలి. అలాంటి ప్రొఫెసర్లున్న చోట ముందు డిగ్రీలో చేరాలని, మూడు కాలేజీలు చూడ్డానికి ఇద్దరం బయల్దేరాం. ఒహాయోలోని పెద్ద విశ్వవిద్యాలయంలో మమ్మల్ని తిప్పిన విద్యార్థిని మూడు ఈత కొలనులు చూపించింది. అవి లేకుండా శాస్త్రం ఇన్నాళ్లూ ఎలా బతికిందో!

"మీ ప్రొఫెసర్‌కి నీ పేరు తెలుసా?" అడిగింది మారిన్.

"ఆయన్ని రోజూ క్లాసులో తెర మీద చూస్తాగా!"

మారిన్ నావైపు తిరిగింది. "పోన్లే నాన్నా, ఉత్తరం ఈత కొలనుతో రాయించుకుందాం."

మర్నాడు వెళ్లిన చిన్న కాలేజీలో కొలను లేదు. బురద బూట్ల ప్రొఫెసరమ్మ ఒకావిడ మారిన్ తెచ్చిన రాయి గురించి తనతో అరగంట వాదించింది. మేం కారెక్కుతుంటే వానలో పరుగెత్తుకొచ్చింది.

"మారిన్, నీ రాయి మర్చిపోయావ్! అయినా నువ్వు చెప్పింది తప్పే."

వాళ్లమ్మ పోయాక మా అమ్మాయితో అలా పోట్లాడినవాళ్లు లేరు. మారిన్ రాయి జేబులో వేసుకుంది.

"నాన్నా, మూడో కాలేజీ చూడక్కర్లేదు."