బొమ్మలో లేని ఇల్లు

రోము నగరం బయట, పాతకాలపు నీటి కాలువను మోసిన కమానుల కింద ఎర్సీలియా మేకలు కాసుకుని బతికేది. చలికాలం రాగానే ఆ కమానుల బొమ్మలు గీయడానికి పరదేశీ దొరలు దిగబడేవారు. నిలబడ్డ ఇల్లు చూస్తే ముఖం చిట్లించి, కూలిన గోడ చూస్తే కళ్ళు తుడుచుకునే జాతిని ఆమె మరెక్కడా ఎరగదు.

వాళ్ళందరిలోకీ హార్ట్‌వెల్ దొర ఘనుడు. ఎండ తగలకుండా గొడుగు, కూర్చోవడానికి మడత కుర్చీ, అవి మోయడానికి గాడిద. తినేది మాత్రం ఎర్సీలియా చేసిన జున్ను. అదీ వాసన చూశాక గాని నోట పెట్టేవాడు కాదు.

ఆమె ఇల్లు ఒక కమానును ఆనుకుని ఉండేది. పొలాల్లో దొరికే పాత ఇటుకలు ఏరుకొచ్చి మొగుడు నికోలా కట్టిన ఇల్లు అది. చుట్టుపక్కల గడ్డి గుడిసెల్లో వాళ్ళను చిత్తడినేల జ్వరం ఏటా ఎత్తుకుపోతుంటే, ఆ గోడల చాటున ఆమె బతికి బట్టకట్టింది. నికోలా పోయాక ఆమెకు మిగిలిందల్లా ఆ ఇల్లే.

బొమ్మ పూర్తయిన రోజు దొర పిలిచి చూపించాడు. ఇల్లున్న చోట తీగలు అల్లుకుని ఉన్నాయి. ఎర్సీలియా ఉండాల్సిన చోట, కడవతో ఒక పడుచుపిల్ల ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది.

"మా ఇల్లేది దొరా?"

"బాగాలేదమ్మా. తీసేశాను."

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని ఆమె ఆ రోజు నవ్వేసింది.

ఆ బొమ్మను ఆ భూములకు యజమాని అయిన ప్రభువు కొని భోజనశాలలో తగిలించాడు. చూసిన అతిథులు ఆ చోటికి తీసుకెళ్ళమన్నారు. తీరా వెళ్తే కమాను కింద పొగ, దండెం మీద ఆరేసిన లోపావడా. ప్రభువుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే గుమాస్తా అనక్లేతోను పంపాడు. ప్రతి ఈస్టరుకీ ఆమె జున్ను ఉత్తపుణ్యానికి పట్టుకెళ్ళే మనిషి, ఆ రోజు ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడాడు.

"ప్రభువుగారి బొమ్మలో ఇక్కడ ఇల్లు లేదు ఎర్సీలియా. ఉండకూడదన్నారు."

"ఆ బొమ్మలో దొరగారి గాడిద కూడా లేదయ్యా. దాన్నీ చంపించారా?"

మాటకు మాట చెప్పింది గాని, ఇల్లు దక్కలేదు. కూలీలు కప్పు పీకి, గోడలు సగం పడగొట్టి, ఎండెక్కగానే మిగతాది వదిలేసి పోయారు. నికోలా పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. చిత్తడి ఒడ్డున గడ్డి గుడిసె వేసుకుంది. వేసవిలో జ్వరం ఆమెనూ పట్టి, చంపకుండా వదిలింది గాని మనిషిని సగం చేసింది.

చలికాలానికి హార్ట్‌వెల్ దొర మళ్ళీ వచ్చాడు. సగం కూలిన గోడను, పగుళ్ళలో మొలిచిన పుదీనాను చూసి టోపీ తీశాడు. కిందటేడు ఇంత గొప్ప శిథిలం తన కళ్ళపడనే లేదని నొచ్చుకున్నాడు. మేకల్ని తోలుకొచ్చిన ఎర్సీలియాను పక్కన నిలబెట్టుకుని, ఇది ఏదో చక్రవర్తి స్నానశాల అయి ఉంటుందనీ, ఇలాంటి పనితనం ఈ కాలం వాళ్ళ చేతుల్లో లేదనీ చాలాసేపు బోధించాడు.

"స్నానశాల కాదు దొరా. ఆ మసి నా పొయ్యిది. మా ఆయన కట్టాడు."

తెలివితక్కువదాని మాటకు నవ్వినట్టు దొర మర్యాదగా నవ్వాడు. కూలిన ఆ ఇటుకల మీద తల వంచుకుని కాస్త దిగులుగా కూర్చోమన్నాడు.

దిగులు ఆమెకు గొంతుదాకా ఉంది. అది ఈ పెద్దమనిషి కంటపడితే దాన్నీ చట్రం కట్టి అమ్ముకుంటాడు.

"మీరే గీసుకోండి. ఉన్న ఇల్లు తీసేసిన చేతికి దిగులు పెట్టడం ఎంతసేపు?" అని మేకల్ని అదిలించుకుని వెళ్ళిపోయింది.

దొర గీసుకున్నాడు. ఆ బొమ్మలో నికోలా కట్టిన పొయ్యి పక్కన ఒక పడుచుపిల్ల దిగులుగా కూర్చుని ఉంది, ఉత్త కాళ్ళతో.