బూట్ల పెట్టెలో అద్దెకున్నావిడ

సోమవారం మొదటి పీరియడ్‌కి ఈల మోగింది. గంట కాదు, ఈలే. వరండా గోడకి కరెంటు గంట ఒకటి ఉండేది గానీ, అది మూగబోయి ఎన్నేళ్ళయిందో హెడ్మాస్టరుగారికే గుర్తులేదు. అటెండరు బుగ్గలు పూరించి ఈల ఊదితే పిల్లలు క్లాసుల్లోకి పరిగెత్తేవాళ్ళు, రోడ్డు మీద వెళ్ళే సైకిళ్ళు కూడా ఓసారి బ్రేకు వేసేవి. అందుకే అందరికీ ఆయన ఈల మామ. ఇంట్లో పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుందని పిల్లల్లో ఒక పుకారు.

ఆ ఈల ఇంకా చెవుల్లో ఉండగానే పదో తరగతి గదిలోకి బతుకు టీచరు వచ్చింది. టైం టేబుల్లో ఆవిడ పాఠానికి చాలా పెద్ద పేరే ఉంది. పై చదువులు, ఉద్యోగాలు, ఇంటి ఖర్చులు, అన్నీ కలిపి ఒక పేరు. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంది? బతుకు క్లాసు అన్నారు, ఆవిడ కాస్తా బతుకు టీచరు అయిపోయింది. ఆ రోజు ఆవిడ చేతుల్లో గడ్డం దాకా బూట్ల పెట్టెలున్నాయి. చెప్పుల షాపాయన ఏడాది పొడుగునా దాచి ఇచ్చే ఖాళీ అట్టపెట్టెలు.

వాటిని చూడగానే క్లాసు క్లాసంతా లేచి నుంచుంది. అన్నలూ అక్కలూ ఊరించి ఊరించి చెప్పిన వారం వచ్చేసింది మరి!

"కూర్చోండర్రా, పెట్టెలేం పారిపోవు," అంది టీచరు. "తలా ఒకటి. ఇందులో ఇరవై ఎనిమిదేళ్ళ మీరు ఉంటారు. ఏం పని చేస్తారో మీరు చెప్పండి, ఆ పనికి జీతం ఎంతొస్తుందో నేను చెప్తా. జీతం గుండీల్లో. అద్దె, తిండి, బస్సు, బట్టలు, సరదాలు అన్నీ ఆ గుండీల్లోంచే. మన వారం వాళ్ళకి నెల. శనివారం మీ పెద్దవాళ్ళొచ్చి చూస్తారు, పై చదువుకి ఏ కోర్సో నాతో చెప్తారు. ఈలోగా బయట నుంచి ఒక్క బిస్కెట్ ముక్క లోపల వేసినా ఊరుకోను."

ఇక చూడాలి ఆ సంబరం. అగ్గిపెట్టెలు మంచాలయ్యాయి, సీసా మూతలు స్టూళ్ళయ్యాయి. పాత బొమ్మల్లోంచి పీకిన బుల్లి బల్బులు, ఫ్యాన్లు, స్టవ్వులు కూడా చేరాయి, సగం పనిచెయ్యనివే. పైలట్ అవుతానన్న కుర్రాడొకడు, రాకెట్ అని పిలుస్తారు వాణ్ణి, గుప్పెడు గుండీలు పెట్టి స్పాంజి సోఫా కొన్నాడు, ఎదురుగా అద్దం ముక్కతో గోడంత టీవీ పెట్టాడు. తిండికి మిగిలినవి చూసి టీచరు కనుబొమలు ఎగరేసింది గానీ ఏమీ అనలేదు.

పక్క పెట్టె పిన్నుది. చెవి పైన జుట్టులో ఎప్పుడూ ఒక తలపిన్ను దోపుకుని ఉంటుంది కాబట్టి ఆ పిల్ల పిన్ను. ఆ పిన్ను జుట్టు కోసం కాదని స్నేహితురాళ్ళందరికీ తెలుసు. పాడైన ఇయర్‌ఫోన్లు, ఆగిపోయిన గడియారాలు, మొండికేసిన టేబుల్ లైట్లు, ఏదైనా సరే బల్ల కింద పెట్టుకుని ఆ పిన్నుతో కెలికి బాగుచేసి ఇచ్చేది. ఇంట్లో మాత్రం ఈ పని గురించి కిక్కురుమనేది కాదు.

"నువ్వేం అవుతావ్?" అంది టీచరు.

"బ్యాంకులో ఆఫీసర్ని అవుతా టీచర్."

అది పిన్ను మాట కాదు, వాళ్ళమ్మ మాట. వాళ్ళమ్మది వీధి చివర ఇస్త్రీ షాపు. షాపంటే ఒక బల్ల, ఒక కరెంటు ఇస్త్రీపెట్టె, పైన రేకు. పెళ్ళిళ్ళ రోజుల్లో బట్టలు గుట్టలు పడేవి, వానలు పడితే ఒక్క చొక్కా వచ్చేది కాదు. ఆవిడ బల్ల కింద మూడు రేకు డబ్బాలు పెట్టుకుంది. అద్దెకొకటి, తిండికొకటి, మూడోది వానలకి. ఎంత సంపాదన వచ్చినా ముందు మూడో దాంట్లో పడాల్సిందే. "నెల మొదటి తారీఖున టంచనుగా జీతం పడే ఉద్యోగం చెయ్యాలే నువ్వు," అనేది కూతురితో, చొక్కా కాలరు నొక్కుతూ. "ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టాలి. ఈ డబ్బాల గోల నాతోనే పోవాలి." ఆ మాటంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. అలాంటి మొహం ముందు ఎవరు మాత్రం కాదనగలరు?

కాబట్టి బ్యాంకాఫీసరు గది మహా పొందిగ్గా తయారైంది. అద్దె, తిండి, పొదుపు, అన్నీ గీత గీసినట్టు. కిటికీకి రుమాలు ముక్కతో కర్టెన్ కుట్టి, దాన్ని వేలాడదీయడానికి జుట్టులోంచి తలపిన్ను తీసి పెట్టింది పిన్ను.

మంగళవారం పొద్దున్నకి అన్ని పెట్టెల్లోనూ మనుషులు దిగారు. ఏటా దిగేవాళ్ళే. బొటనవేలంత ఎత్తు, ఎవరి పెట్టెలో వాళ్ళే, ఇరవై ఎనిమిదేళ్ళ వాళ్ళే. ఊడ్చే ఆవిడ దుమ్ము లేవకుండా చీపురు మెల్లగా ఆడించి వెళ్ళింది, అంతే. పిల్లలకి మాత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఒరేయ్, నాకు మీసం వచ్చిందిరా!"

"నాది చూడవే, ఇంకా లేవలేదు. అప్పుడు కూడా బద్ధకమేనా నాకు?"

పొద్దున్నే పెట్టెల్లోని చిన్నవాళ్ళందరూ బీరువా వెనక సందులోంచి ఉద్యోగాలకి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చారు. పిన్ను కిటికీలోంచి తొంగిచూసింది. బ్యాంకావిడ మంచం అంచున కూర్చుని ఉంది. బూట్లు విప్పలేదు. సంచి కూడా భుజానికే ఉంది. రైలు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుని, మాటిమాటికీ పైన వెలిగీ వెలగని బల్బు వంక చూస్తోంది. పిన్నుకి ఎందుకో మనసు చివుక్కుమంది.

బుధవారం పెట్టె ఖాళీ. కర్టెన్ చక్కగా మడతపెట్టి నేల మీద ఉంది. తలపిన్ను లేదు.

"పారిపోయింది!" అని అరిచాడు రాకెట్. వాడి సంగతీ అంతంతమాత్రమే. వాడి పైలట్ అంత పెద్ద సోఫా మీద కడుపు పట్టుకుని పడుకున్నాడు. "టీచర్, సోఫా అమ్మేస్తా టీచర్, ప్లీజ్!"

"అమ్ముకో. సగం ధరే వస్తుంది," అంది టీచరు. వాడు లబోదిబోమంటూనే అమ్మాడు. పైలట్ లేచి గబగబా బ్రెడ్డు తింటుంటే క్లాసంతా చప్పట్లు కొట్టింది.

పిన్నుకి చప్పట్లు కొట్టే ఓపిక లేదు. శనివారం అమ్మ వస్తుంది. ఖాళీ గది చూపించి ఏం చెప్పాలి? నీ బ్యాంకాఫీసరు ఉండనని వెళ్ళిపోయిందమ్మా అని చెప్పాలా? కాలు కాలిన పిల్లిలా పెట్టెల చుట్టూ తిరిగింది. అప్పుడే ఒక సంగతి కంటబడింది. రాకెట్ పెట్టెలో నిన్నటిదాకా గుడ్డిగా ఉన్న బల్బు ఇవాళ భేషుగ్గా వెలుగుతోంది. ఆ పక్క నర్సు పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది. ఆ పక్క వంటమాస్టరు స్టవ్వు కూడా.

"ఎవరు బాగుచేశార్రా ఇవన్నీ?" అంది పిన్ను. ఎవరికీ తెలీదు.

గురువారం, లెక్కల క్లాసు మధ్యలో, ఎవరూ చెప్పకుండా, ఎవరూ నొక్కకుండా, వరండాలో గంట మోగింది.

అబ్బ, ఏం మోత! ఈల మామ నోట్లోంచి ఈల జారి టీ గ్లాసులో పడింది. హెడ్మాస్టరుగారు చెప్పుల్లేకుండా బయటికొచ్చారు. క్లాసులన్నీ వరండాలోకి విరుచుకుపడ్డాయి. ఈల మామ స్టూలెక్కి గంట మూత తీశాడు. లోపల, తీగల మధ్య, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, మొహం నిండా మసి పూసుకుని, తనంత ఎత్తు తలపిన్నుతో మర బిగిస్తోంది బ్యాంకావిడ. ఈల పాట కూడా పాడుతోంది. మూత తీయగానే ఇటు తిరిగి, వెలుతురుకి అడ్డం తప్పుకోమని చేత్తో సైగ చేసింది.

"ఒసేయ్ పిన్నూ, అచ్చం నువ్వేనే!" అన్నారు అందరూ ఒక్కసారే.

పిన్నుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత సంతోషంగా తనెప్పుడైనా ఉంటుందని ఆ పిల్లకి అప్పటిదాకా తెలీదు.

టీచరు ఆవిడని అరచేతిలో తీసుకొచ్చి పెట్టెలో దింపింది. బ్యాంకు గుండీలన్నీ వెనక్కి తీసుకుంది. "మరమ్మతు పనికి నెల జీతం ఉండదు పిన్నూ," అంటూ గుడ్డ సంచి ఒకటి ముందు పెట్టింది. "రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని ఇందులో చెయ్యి పెట్టాలి. పని తగిలితే గుండీలొస్తాయి, లేకపోతే లేదు. రేపటి మాట ఎవరికీ తెలీదు. ఆవిడ ఎలా బతకాలో నువ్వే ఏర్పాటు చెయ్యాలి."

పిన్ను చెయ్యి పెట్టింది. గుప్పెడు గుండీలు! "సోఫా కొనెయ్యవే, నాదే ఉంది, చవగ్గా ఇస్తా," అన్నాడు రాకెట్.

"నోర్ముయ్యరా," అంది పిన్ను. "ఎవరి దగ్గరైనా పెన్ను మూతలున్నాయా? మూడు కావాలి."

మూడు మూతలు గోడవారగా నిలబెట్టింది. ముందు మూడో దాంట్లో వేసింది, తర్వాత అద్దెకి, తర్వాత తిండికి. ఆలోచించలేదు, ఆగలేదు. టీచరు చూస్తూ నుంచుంది.

శుక్రవారం సంచిలో చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు. క్లాసంతా పెట్టె చుట్టూ మూగింది. లోపల చిన్నావిడ లేచింది, మొహం కడుక్కుంది, తిండి మూత వంచి చూసింది, అందులో ఉన్నది చాలదని పెదవి విరిచింది. మూడో మూత దగ్గరికెళ్ళి ఒక్క గుండీ తీసుకుంది. ఒక్కటే. బ్రెడ్డు తిని, టీ తాగి, తలపిన్ను భుజాన వేసుకుని పని వెతుక్కుంటూ బయల్దేరింది. పిల్లలు గెంతిన గెంతులకి పై గదిలోంచి తొమ్మిదో తరగతి వాళ్ళు దిగొచ్చారు.

శనివారం వచ్చేసింది. అమ్మలూ నాన్నలూ పెట్టెల ముందు వంగి వంగి చూస్తున్నారు. పిన్ను వాళ్ళమ్మ షాపు మూసేసి, తన బట్టలు తనే కళ్ళు చెదిరేలా ఇస్త్రీ చేసుకుని కట్టుకొచ్చింది.

"ఏదీ నా బ్యాంకాఫీసరు?" అంది గుమ్మంలోంచే. పిన్ను పెట్టె ముందు నుంచి పక్కకి తప్పుకుంది.

ఆవిడ వంగి చూసింది. మసి మొహం, మడిచిన చేతులు, నేలంతా తీగ ముక్కలు.

"ఇదేంటే?"

"నేనేనమ్మా," అంది పిన్ను నేల చూపులు చూస్తూ. "కరెంటు పని చేస్తున్నా. బ్యాంకులో ఉండలేకపోయా."

అమ్మ మొహంలో వెలుగు టక్కున ఆరిపోయింది. "ఇవాళ ఉంటే రేపు లేని బతుకు! దీనికోసమేనా నేను..." అంటూ ఆగింది. లోపల చిన్నావిడ ఆ పొద్దుటి గుండీలు తెచ్చుకుని మూతల ముందు గొంతుక్కూర్చుంది. ముందు మూడో దాంట్లో వేసింది. తర్వాత అద్దెకి. తర్వాత తిండికి. చివరి గుండీ వేళ్ళ మధ్య పెట్టుకుని కాసేపు ఊగిసలాడి, దాన్నీ మూడో దాంట్లోనే వేసి, రెండు చేతులూ దులుపుకుంది. ఆ దులుపుకోవడం ఎవరిదో అమ్మకి తెలుసు. రోజూ సాయంత్రం తను చేసేదే.

అమ్మ నడుం ఎత్తకుండానే అడిగింది.

"ఈ మూడో మూత ఎవరు చెప్పారు నీకు? టీచరుగారా?"

"ఎవరూ చెప్పలేదు. మనింట్లో ఉన్నట్టే పెట్టా."

"ఆ డబ్బాలు చూసి నువ్వు భయపడుతున్నావనుకున్నానే ఇన్నాళ్ళూ."

"ఆ డబ్బా ఉందనేగా నాకు భయం లేంది!" అంది పిన్ను. "ఎన్ని వానలొచ్చాయమ్మా? ఒక్కపూటైనా పస్తున్నామా?"

అమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. పిన్నుకి కాస్త ధైర్యం వచ్చి, ఉన్నదంతా కక్కేసింది. "ఇంకోటి చెప్తా, తిట్టకు. మన ఇస్త్రీపెట్టె మంచి కంపెనీది, ఇన్నేళ్ళలో ఒక్క రిపేరు రాలేదని అందరికీ చెప్తావు కదా."

"అవును, రాలేదుగా?"

"వచ్చింది. నాలుగైదు సార్లు. నువ్వు అన్నం తినడానికి లోపలికెళ్ళినప్పుడు ప్లగ్గు పీకి బాగుచేసి పెట్టేసేదాన్ని."

"దొంగముండా!" అంది అమ్మ, పక్కనున్న వాళ్ళందరూ ఉలిక్కిపడేలా. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఇస్త్రీ మడతలన్నీ నలిగిపోయేలా, పిన్ను భుజం పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, టీచరు వైపు తిరిగింది.

"మేడమ్, ఎలక్ట్రికల్ కోర్సు అని రాసుకోండి. దాని జోలికెవరూ రావద్దు." మళ్ళీ కూతురితో, "ఆ రిపేర్లన్నిటికీ కూలి ఇస్తాను. ఊరికే చేయించుకోను నేనెవరి చేతా. కానీ తెలుసుగా?"

"ముందు మూడో డబ్బా," అంది పిన్ను.

లోపల చిన్నావిడ మంచం మీద కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి బూట్లు విప్పుకుంటోంది.

సోమవారం పిన్ను అందరికంటే ముందొచ్చింది. వాళ్ళ నెల తీరిపోయింది, పెట్టెలన్నీ ఖాళీగా ఉన్నాయి. పిన్ను పెట్టెలో నేల శుభ్రంగా తుడిచి ఉంది, అగ్గిపెట్టె మంచం గోడకి నిలబెట్టి ఉంది, మూడు మూతలూ కడిగి బోర్లించి ఉన్నాయి. కిటికీకి గోరంత అట్ట ముక్క వేలాడుతోంది. దాని మీద, పిన్ను దస్తూరీలోనే, అద్దెకి ఇవ్వబడును అని రాసి ఉంది. గుమ్మంలో తలపిన్ను.

పిన్ను దాన్ని తీసి చెవి పైన జుట్టులోకి దోపుకుంది. ఇంతలో వరండాలో గంట సగం మోగి, గుర్రుమని ఆగిపోయింది.

"పిన్నమ్మా!" అని కేకేశాడు ఈల మామ, స్టూలు వేసి పట్టుకుని. "ఇది మళ్ళీ మొరాయించింది, ఓసారి వచ్చి చూద్దూ!"

"వస్తున్నా మామా, ముందు మెయిన్ ఆపు!" అని, చేతులు మోచేతుల పైదాకా మడుచుకుంటూ వరండాలోకి పరిగెత్తింది.